ముగ్గురు చెంగల్వలు, ఒక జోలపాట

బారెడు పొద్దెక్కింది. ఘూకాక్షుడి కోటలో మాత్రం ఒక్క కాకి కూడా అరవలేదు.

ఆ కోట సంగతే అంత. నల్లరాతితో కట్టిన తొమ్మిది ప్రాకారాలు. ప్రాకారానికి నూరేసి ఇత్తడి గుడ్లగూబలు. వాటి కళ్ళల్లో పొదిగిన గోమేధికాలు ఎండపొడ తగిలితే ఎర్రగా భగ్గుమనేవి. నడిమి ముంగిట వెయ్యిమంది పట్టే పాలరాతి మంటపం, కప్పు నుంచి వేలాడే గాజు గుత్తులు, స్తంభాలకు చుట్టుకొన్న వెండి లతలు. చూడడానికి ఇంద్రభవనమే! కాని గాలి వీచినా ఆ గాజు గుత్తులు గలగలమనవు. నీళ్ళు పారినా కాలువ చప్పుడు చేయదు. తన గొంతు తప్ప లోకంలో ఇంకే గొంతూ వినబడకూడదని ఆ మాంత్రికుడి పంతం. అటువంటివాడు ఒక పాట కోసం నాలుగేళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటున్నాడంటే, అది వాడి ఖర్మ కాక మరేమిటి?

ఆ ఉదయం ఆ మంటపంలో ముగ్గురు చెంగల్వలు నిలబడి ఉన్నారు.

కంగారు పడకండి, మీ కళ్ళు బాగానే ఉన్నాయి. మంజులానది ఒడ్డున మోకుపల్లె అని ఒక పల్లె ఉంది. ఏటికి ఎదురుగా వెళ్ళే పడవలకు మోకులు కట్టి, గట్టు మీద నడుస్తూ లాగడం ఆ పల్లె ఆడవాళ్ళ పని. ఆ పల్లె పిల్ల, పదిహేనేళ్ళ చెంగల్వ, లోకంలో ఒక్కతే. తక్కిన ఇద్దరూ ఘూకాక్షుడు మైనంతో పోతపోసి, మంత్రం ఊది నిలబెట్టిన బొమ్మలు. అదే చామనచాయ, అదే జారుముడి, కుడి చెక్కిలి మీద అదే పుట్టుమచ్చ. పక్కన నిలబడ్డ అసలు చెంగల్వకే ఒక క్షణం తనెవరో అనుమానం వచ్చింది.

ఇంత ముప్పు ఎలా వచ్చిందంటారా? మరాళగిరి యువరాజు మకరందుడి జాలిగుండె వల్ల వచ్చింది. సుడిగుండంలో చిక్కిన తన పడవను ఒడ్డు చేర్చిన మోకుపల్లెకు రుణపడి, ఘూకాక్షుడు ఎత్తుకుపోయిన చెంగల్వ తల్లిని విడిపించి తెస్తానని ప్రతిజ్ఞ చేసి బయలుదేరాడాయన. గాజుల మలారం భుజాన వేసుకొని ఆయన, పసుపు కుంకుమల బుట్ట నెత్తిన పెట్టుకొని చెంగల్వ, అన్నాచెల్లెళ్ళ వేషంలో నలభై రోజులు నడిచారు. వేషాలు దివ్యంగా కుదిరాయి. ఏ ఊరివాళ్ళూ పోల్చుకోలేదు. కాని మూడో రోజునే సంతలో ఒక గోరువంకను చూసి యువరాజు ముచ్చటపడి కొన్నాడు. "వద్దు యువరాజా, దాని చూపు నాకు నచ్చలేదు" అంది చెంగల్వ. "నోరులేని పక్షి, పాపం, ఉండనీ" అన్నాడాయన.

నోరులేని పక్షా! నిన్న కోట గడప దాటగానే అది ఎగిరివెళ్ళి ఘూకాక్షుడి మణికట్టు మీద వాలింది. దారి పొడుగునా చెంగల్వ తన చిన్నతనం గురించి చెప్పుకున్న కబుర్లన్నీ పొల్లు పోకుండా అప్పజెప్పింది. ఆ కబుర్లే మాంత్రికుడు మైనపు బొమ్మల చెవుల్లో ఊదాడు.

ఇప్పుడు మకరందుడు మంటపం చివరి స్తంభానికి బారెడు బారెడు గొలుసులతో కట్టేసి ఉన్నాడు.

"చెంగల్వా! తప్పంతా నాదే! నన్ను నాలుగు తిట్టు తల్లీ, నువ్వు తిట్టకపోతే నాకు తోచడం లేదు" అని అక్కణ్ణించి అరిచాడు.

ముగ్గురు చెంగల్వలూ ఒక్కసారే తల తిప్పి, ఒక్కలాగే పళ్ళు నూరారు.

మంటపానికి ఎదురుగా కిటికీ అయినా లేని ఒక రాతిగది ఉంది. గోడలో చెవి ఆనించేపాటి కంతలు మాత్రం ఉన్నాయి. ఆ గోడ వెనక ఉన్నది చెంగల్వ తల్లి కొండాలు. మంటపం వెనక, పాతాళం దాకా దిగిన లోయ అంచున, గుట్టంత భేరుండ పక్షి ఒకటి గూటిలో కూర్చుని ఉంది. దాని రొమ్ము కింద నాదమణి ఉంది. ఆ మణిని ఎవడు చేజిక్కించుకొని మండలం పాటు పూజిస్తే లోకంలోని గొంతులన్నీ వాడి గుప్పిట్లోకి పోతాయి. ఆ పక్షి రెప్ప వేయదు. మోకుపల్లె జోలపాట మొదలు నుంచి చివరిదాకా వింటే తప్ప దానికి నిద్ర రాదని ఘూకాక్షుడి తాళపత్రాల్లో ఉంది. అందుకే వాడు కొండాలును ఎత్తుకొచ్చాడు. ఆమె నాలుగేళ్ళుగా నోరు విప్పలేదు.

ఘూకాక్షుడు గోడ దగ్గరికి వచ్చి, గుండ్రటి పసుపు కళ్ళు ఆర్పుతూ ఇలా అన్నాడు:

"కొండాలూ! నీ కూతురు వచ్చింది. ఒక్కతి కాదు, ముగ్గురు వచ్చారు! నువ్వు చూడకూడదు, ముట్టుకోకూడదు. వాళ్ళ మాట వింటే వినవచ్చు. నీ కూతురెవరో సరిగ్గా చెబితే ఇద్దరూ మీ పల్లెకు పోవచ్చు. తప్పు చెప్పావో, అసలుది ఇక్కడే రాతిబొమ్మ అయిపోతుంది. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా చెప్పాలి."

గోడ అవతల నాలుగేళ్ళుగా వాడని గొంతు ఒకటి గరగరలాడింది.

"మాట్లాడించు" అంది కొండాలు.

ఆ గొంతు వినగానే చెంగల్వ పోల్చుకుంది. అమ్మ బతికే ఉంది! అంతవరకు ఆ సంగతి ఆమెకు నమ్మకంగా తెలియదు. చెంగల్వ పలికేలోపలే ఎడమవైపు బొమ్మ ఆమె గొంతుతోనే మొదలుపెట్టింది:

"అమ్మా, నేనే! నాకు నాలుగేళ్ళప్పుడు పడవ తెరచాపగుడ్డతో ఉయ్యాల కట్టావు గుర్తుందా? ఉయ్యాల పైకి పోయినప్పుడు పాట నాది, కిందికి వచ్చినప్పుడు నీది. పన్నెండు ఊపులకు ఒక చరణం, అయిదు చరణాలకు అన్నం పొద్దు. నాకు లెక్కలు అలాగే వచ్చాయి. బడికి పంపితే పంతులుగారు ఏడూ అయిదూ ఎంతే అంటే ఉయ్యాల ఊగుతున్నట్టు ముందుకూ వెనక్కూ ఊగి పన్నెండని చెప్పాను. పిల్లలంతా నవ్వారు. నువ్వు మాత్రం నవ్వలేదు."

కుడివైపు బొమ్మ అందుకుంది:

"అది కాదమ్మా, నేను! తిరగలి దగ్గర అత్తలంతా పాడుతూ ఒక చోటికి వచ్చేసరికి పకపకా నవ్వేవాళ్ళు కదా? అందులో నవ్వేందుకు ఏముందో నాకు బోధపడేది కాదు. మరదలు, బావ, తడిసిన కోక, అంతేగా! పదేళ్ళు నిండాక ఒకనాడు ఆ చోటికి రాగానే నాకూ ఫక్కున నవ్వు వచ్చింది. నువ్వు తిరగలి ఆపేసి నా మొహంలోకి చూశావు. 'ఓసి నీ దుంప తెగ, పెద్దదానివైపోతున్నావే' అని నెత్తిన మొట్టావు. ఆ రోజంతా నేను సిగ్గుతో గాదె వెనక దాక్కున్నాను."

చెంగల్వ గుండె మండిపోయింది. అవి తన పాటలు, తన ఉయ్యాల, తన సిగ్గు. నలభై రోజుల నడకలో కాళ్ళ నొప్పి మరిచిపోవడానికి ఒక్కొక్కటే తీసి చెప్పుకుంటూ వచ్చిన సంగతులు. ఆ పాటలు వినబడినంతకాలం ఆమెకు పల్లె ఉంది, ఇల్లు ఉంది, అమ్మ ఉంది. ఇప్పుడవి మైనపు పెదవుల మీద నుంచి, తన గొంతుతోనే, తనకంటే ముద్దుగా వస్తున్నాయి.

"అమ్మా! నేను చెబుతా విను!" అని అరిచింది. "నీకు కోపం వస్తే తిట్టేదానివి కాదు. దంపుడుపాట గబగబా అందుకునేదానివి. వీధి చివర నుంచే ఆ వేగం వింటే నాకు తెలిసిపోయేది, ఇంట్లోకి అడుగు పెట్టగానే..."

"...పీట వాల్చుకొని, చప్పుడు చెయ్యకుండా అన్నం తినేసి పోవాలని" అని రెండు బొమ్మలూ కలిసి ముగించాయి.

చెంగల్వకు ఇక చెప్పేందుకు ఏమీ మిగల్లేదు. ఘూకాక్షుడు చేతులు రుద్దుకున్నాడు.

"ముగ్గురూ నా పిల్లలాగే ఉన్నారయ్యా" అంది కొండాలు గోడ వెనక నుంచి, నీరసంగా. "ఒక్కటి చేస్తా. ముగ్గురినీ పడుకోబెట్టు. మీద దుప్పటి కప్పు. నేను జోల పాడతా."

మాంత్రికుడి గుడ్లు ఇంకా గుండ్రంగా అయ్యాయి. నాలుగేళ్ళుగా కొరడాకు లొంగనిది, ఆకలికి లొంగనిది, ఇప్పుడు తనంతట తానే పాడతానంటోంది! కూతురి గుర్తింపు గొడవంతా వాడు పెట్టింది ఇందుకే. వాడికి కావలసింది కూతురా, గీతురా? పాట! భేరుండ పక్షి గూడు నూరడుగుల దూరంలో ఉంది. గాలి అటే వీస్తోంది.

"పాడు, పాడు! ఆసాంతం పాడు!" అన్నాడు తొందరగా. "వద్దు తల్లీ, మోసం!" అని మకరందుడు స్తంభం దగ్గర నుంచి గగ్గోలు పెట్టాడు గాని ఆయన మాట వినే నాథుడెవరు?

మూడు రాతి తిన్నెల మీద ముగ్గురూ పడుకున్నారు. మూడు దుప్పట్లు కప్పారు.

ఇక్కడ మోకుపల్లె ఆచారం ఒకటి మీకు చెప్పాలి. ఆ పల్లెలో చిన్నపిల్లలెవరూ జోలపాట చివరిదాకా వినరు, సగంలోనే నిద్రపోతారు. ఏడో ఏటనో ఎనిమిదో ఏటనో ఒకరోజు నిద్ర రాదు. పాట ముగింపు చెవిన పడుతుంది. మర్నాడు ఆ పిల్ల తల్లి దగ్గరికి వెళ్ళి, "అమ్మా, విన్నాను" అనాలి. అంతే! తల్లి ఆ పిల్ల భుజానికి పాతగుడ్డ మెత్తగా చుట్టి, మోకు వరసలో తన ముందు నిలబెడుతుంది. ఆ రోజు నుంచి ఆమె లాగే మనిషి. ఇక బతికున్నన్నాళ్ళూ ఆమెకు ఎవరూ జోల పాడరు.

చెంగల్వ ఏడో ఏటనే వింది. మర్నాడు "విన్నాను" అనలేదు. అంటే పాట ఆగిపోతుంది, అదీ భయం! పగలల్లా అమ్మ నలుగురిదీ. మోకుదీ, పడవదీ, రోకలిదీ. పాట పాడే ఆ కాసేపే తనది. దాన్ని చేజేతులా ఎలా వదులుకుంటుంది? కళ్ళు గట్టిగా మూసుకొని, ఊపిరి బరువుగా తీస్తూ, నాలుగేళ్ళపాటు నిద్ర నటించింది. తోటి పిల్లలంతా మోకు పట్టారు. "కొండాలు కూతురిది మొద్దునిద్దరమ్మా" అని అత్తలు ఎగతాళి చేశారు. ఆమె వంతు బరువు కూడా కొండాలే లాగేది, వరసలో అందరికంటే చివర, ఒంటరిగా. చెంగల్వకు పదకొండేళ్ళప్పుడు ఘూకాక్షుడు పెద్ద గుడ్లగూబ రూపంలో వచ్చి ఆ చివరి మనిషినే తన్నుకుపోయాడు. తన ముందు కూతురు నిలబడి ఉంటే, పట్టుకొని ఆపేదేమో! ఆ 'ఏమో' చెంగల్వను నాలుగేళ్ళు కొరుక్కుతింది. ఆ తర్వాత "విన్నాను" అని చెప్పడానికి అమ్మ లేదు గనక, ఆమె భుజం మీద మోకు వేసినవాళ్ళూ లేరు.

ఈ ఒక్క సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. దారిలో మకరందుడు, "మీ జోలపాట చివర ఏమొస్తుంది?" అని అడిగితే, "నాకేం తెలుసు, ఎప్పుడూ నిద్రపోయేదాన్ని" అని అబద్ధమాడింది. గోరువంక ఆ అబద్ధాన్నే మోసుకుపోయింది.

కొండాలు పాట ఎత్తుకుంది.

"కలువ నిద్దురపోయె, కలువంటి చిన్నారి కన్ను నిద్దురపోయె..."

గొంతు బొంగురుపోయి ఉంది. మొదటి మాటకే జీర వచ్చింది. అయినా చెంగల్వకు అది ఆ పాత గొంతే. దుప్పటి కింద ఆమెకు తడి మోకుల వాసన వచ్చింది, చేపల పులుసు వాసన వచ్చింది, వీపు మీద అమ్మ అరచేయి తడుతున్నట్టే అనిపించింది. తను ఎక్కడుందో, ఎందుకు వచ్చిందో మరిచిపోయింది. ఏడేళ్ళ పిల్ల అయిపోయి, అలవాటు కొద్దీ కళ్ళు గట్టిగా మూసుకుంది.

గూటిలో భేరుండ పక్షి తొలిసారి రెప్ప వాల్చింది.

"చిలుక నిద్దురపోయె, చిలుకంటి చిన్నారి పలుకు నిద్దురపోయె..."

అటూ ఇటూ ఉన్న తిన్నెల మీద మైనపు బొమ్మలు గురకలు మొదలుపెట్టాయి. పాట సగంలో చెంగల్వకు నిద్ర వస్తుందని వాటికి చెప్పి పెట్టారు మరి. భేరుండ పక్షి ముక్కు రొమ్ము మీదికి వాలింది.

"తీగ నిద్దురపోయె, తీగంటి చిన్నారి చెయ్యి నిద్దురపోయె..."

పక్షి రెక్కలు ముడుచుకున్నాయి. ఘూకాక్షుడు చప్పుడు లేకుండా గూటివైపు జరిగాడు.

"ఇల్లు నిద్దురపోయె, ఇంటిలో దీపమూ నిద్దురపోయె..."

చెంగల్వ ఉలిక్కిపడింది. ఇదేమిటి? మధ్యలో ఒక చరణం పోయింది! అమ్మ ఎప్పుడూ తప్పు పాడదే! పెద్దదైపోయి మరిచిపోయిందా? ఆ ముగింపు తనకు తెలియదనే కదా అందరితోనూ చెప్పింది. ఇప్పుడు నోరు విప్పితే నాలుగేళ్ళ నాటకం బయటపడుతుంది. నీ వంతు నాతో లాగించావా అని అమ్మ అడిగితే ఏం చెబుతుంది? ఏ మొహం పెట్టుకొని అమ్మ ఎదుట నిలబడుతుంది? నోరు విప్పకపోతే అమ్మే దక్కదు.

ఇంతా ఆలోచించి తేల్చుకుందనుకుంటున్నారా? లేదు. చిన్నపిల్లలకు పాటలో మాట తప్పితే ఒళ్ళు మండుతుంది, అంతే. దుప్పటి విసిరికొట్టి లేచి కూర్చుంది.

"కాలు, అమ్మా! కాలు పడుకోలేదు! కాలు మరిచిపోయావు!"

గోడ వెనక పాట ఆగింది. తర్వాత ఆ కంతలోంచి నవ్వూ ఏడుపూ కలిసి వినబడ్డాయి.

"మరిచిపోలేదే నా తల్లీ. కావాలనే వదిలేశా. అయ్యా మాంత్రికుడా, ఆ లేచి కూచున్నదే నా కూతురు!"

చెంగల్వ పరుగున వెళ్ళి గోడకు మొహం ఆనించింది.

"నేను మేలుకొనే ఉండేదాన్నని నీకు తెలుసా?"

"తెలియకేం! నిద్రపోయే పిల్ల చివరి మాటదాకా ఊపిరి బిగబట్టుకొని ఉంటుందా?"

"మరి ఎందుకు చెప్పలేదు? నా వంతు నువ్వు లాగావు. భుజం పుండు పడింది. నేను నీ ముందు ఉండి ఉంటే వాడు నిన్ను ఎత్తుకుపోయేవాడే కాదు. తప్పు నాదే అమ్మా!"

"నీ తలకాయ! నువ్వూ ఉంటే ఇద్దర్నీ ఎత్తుకుపోయేవాడు" అంది కొండాలు. ఆమె గొంతు పూర్తిగా జీరబోయింది. "నువ్వు విన్నానంటే నేను పాట ఆపెయ్యాలి కదే. నీకు వినాలని ఉన్నట్టే నాకూ పాడాలని ఉండదా? అందుకే లాగాను. ఎవరు లాగమన్నారు నన్ను?"

చెంగల్వ వెక్కి వెక్కి ఏడ్చింది. నాలుగేళ్ళ బరువు ఆ ఏడుపుతో దిగిపోయింది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. తను ఇప్పుడు నోటితో అనేసింది. అమ్మ చెవితో వినేసింది. ఇక తనకు ఈ జన్మలో జోల లేదు.

అంతలో గూటివైపు నుంచి వికటాట్టహాసం వినబడింది.

"వెర్రిదానా! కూతురు నీదే, పాట నాది!" అని ఘూకాక్షుడు పక్షి రొమ్ము కిందికి చేయి దూర్చాడు. దాని కళ్ళు మూతపడి ఉన్నాయి. ముక్కు కదలలేదు. రెక్క ఆడలేదు. వాడు మణిని పట్టుకొని బయటికి లాగాడు. అది ఉదయభానుడిలా ధగధగలాడింది!

అయితే కాలు పడుకోలేదు కదండీ.

మర్రిమానంత కాలు ఒక్క ఊపున లేచి మాంత్రికుణ్ణి నడుం దగ్గర పట్టుకుంది. వాడు కెవ్వుమన్నాడు. కళ్ళు మూసుకొని, గురకపెడుతూనే, భేరుండ పక్షి ఒంటికాలి మీద గెంతడం మొదలుపెట్టింది. మొదటి గెంతుకు మంటపం కప్పు కూలింది. రెండో గెంతుకు మైనపు బొమ్మలు నుజ్జునుజ్జయ్యాయి. మూడో గెంతుకు రాతిగది గోడ పగిలి, కొండాలు బయటపడింది. నాలుగో గెంతులో ఆ పంజా చివరి స్తంభాన్ని పడగొట్టి, దానికి కట్టి ఉన్న మకరందుణ్ణి ఊడబెరికి, మాంత్రికుడి పక్కనే ఇరికించుకుంది. "అయ్యో, నన్నెందుకే! నేను గాజులవాణ్ణి!" అని యువరాజు మొత్తుకున్నాడు. ఆయన గొలుసుల కొసలు నేల మీద గలగలా ఈడ్చుకుపోయాయి. ఆ కోటలో నూరేళ్ళకు వినబడ్డ తొలి గలగల అదే.

పక్షి లోయ అంచుకు వచ్చి నిలిచింది. ఒంటికాలు అంచు మీద ఉంది. వాళ్ళిద్దర్నీ పట్టుకున్న రెండో కాలు పాతాళం మీద గాలిలో ఊగుతోంది. ఇంకొక్క గెంతు గెంతితే అందరూ పోతారు.

చెంగల్వ తల్లిని పొదివి పట్టుకుంది. నాలుగేళ్ళకు చూసిన ఆ మొహంలో కళ్ళు గుంటలు పడి, ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి.

"అమ్మా, ఏమిటీ కళ్ళు?"

"నిద్రపోతే కలవరింతలో పాట పాడేస్తానేమోనని..." కొండాలుకు మాట పెగలడం లేదు. "నాలుగేళ్ళుగా కూచునే కునికాను. గొంతు పోయింది. నువ్వెత్తుకో."

"నేనా?"

"విన్నానన్నావుగా."

చెంగల్వ పుట్టి బుద్ధెరిగి ఆ పాటను బయటికి పాడలేదు. ఇప్పుడు మొదలుపెట్టింది. కలువ దగ్గర శ్రుతి తప్పింది, చిలుక దగ్గర కుదురుకుంది, తీగ దగ్గరకు వచ్చేసరికి అమ్మ గొంతులాగే వచ్చింది. "అల నిద్దురపోయె..." అనగానే పక్షి ఒంటికాలి వణుకు తగ్గింది. పంజా వేళ్ళు సడలసాగాయి.

"ఆపు చెంగల్వా, ఆపు!" అన్నాడు మకరందుడు లోయలోకి చూసి. ఆమె ఆపింది. పక్షి గెంతడానికి మోకాలు వంచింది. "ఆపకు! పాడు!" అని కేక పెట్టాడు.

ఘూకాక్షుడు పంజాలో నలుగుతూనే ఇకిలించాడు. "పాడు పిల్లా! కాలు నిద్రపోతే పంజా విచ్చుకుంటుంది. నాకు రెక్కలు వస్తాయి, నేను ఎగిరిపోతాను. నీ యువరాజుకు రెక్కలున్నాయా?"

ఏం చెయ్యాలి? "అల నిద్దురపోయె, అల నిద్దురపోయె" అని ఆ ముక్కనే తిప్పి తిప్పి పాడుతూ చెంగల్వ తల్లివైపు తిరిగింది. కొండాలు కూతురి భుజం మీద తల వాల్చింది. నోరు కాస్త తెరుచుకొని ఉంది. పాట సగంలోనే ఆమెకు నిద్ర పట్టేసింది.

తట్టి లేపితే ఏం చెయ్యాలో అమ్మ చెబుతుంది. ఏ బరువుకు ఎలా నిలబడాలో, ఎక్కడ కాలు తన్నిపెట్టాలో మోకుపల్లెలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చెంగల్వ చేయి ఎత్తింది కూడా. మళ్ళీ దించేసుకుంది. పాట ఆపకుండానే తల్లి తలను మెల్లగా నేల మీద పడిన దుప్పటి మీదికి దించి, లేచి నిలబడింది.

యువరాజు గొలుసు కొస అంచు దగ్గర పడి ఉంది. దాన్ని తీసుకొని భుజం మీదుగా చుట్టుకుంది. మెత్తగుడ్డ లేదు, ఇనుము చర్మానికి చల్లగా తగిలింది. కూలిన స్తంభం మొదలుకు రెండు మడమలూ తన్నిపెట్టి, మోకు వరసలో అత్తలు వంగినట్టు ముందుకు వంగింది. వెనక వరస లేదు, ముందు వరస లేదు. తనొక్కతే ఉంది.

"అలవంటి చిన్నారి కాలు నిద్దురపోయె" అని పాడింది.

పంజా విచ్చుకుంది. గుడ్లగూబ ఒకటి నాదమణిని ముక్కున కరుచుకొని రివ్వున ఆకాశంలోకి లేచింది. మకరందుడు రాయిలా లోయలోకి జారాడు. గొలుసు ఒక్క కుదుపుతో బిగిసి, బరువంతా వచ్చి ఆ లేత భుజం మీద పడింది. ఎముక కటుక్కుమంది, కళ్ళు బైర్లు కమ్మాయి. కేక వేస్తే అమ్మ లేస్తుంది. చెంగల్వ పెదవి కొరికి పట్టుకొని, మొదటి అడుగు ముందుకు వేసింది.